మా ఆవిడ బొమ్మలు, కుట్లు, కథలు ఒకచోట చేర్చిన నా అనుభవం

నిన్న రాత్రికి మా ఆవిడ ఫొటోలు మొత్తం హార్డ్ డిస్క్‌లోకి వచ్చేశాయి. ఒక కాపీ మా అమ్మాయి దగ్గర, ఇంకోటి అబ్బాయి దగ్గర ఉన్నాయి. ఇక ఒకటి పాడైనా తన పని పోదు అన్న ధైర్యం వచ్చింది, అందుకే ఆ ఊపులోనే రాసేస్తున్నా.

తను బొమ్మలు వేసేది, ఎంబ్రాయిడరీ చేసేది, పిల్లలకి కథలు తనే రాసి, తనే బొమ్మలేసి, దారంతో కుట్టి పుస్తకాలు చేసిచ్చేది. ఒక్కటీ అమ్మలేదు, ఎవరు బాగుందంటే వాళ్ల చేతిలో పెట్టేసేది. తను పోయాక ఇవన్నీ ఒక పుస్తకంగా వేయాలని పిల్లలూ నేనూ అనుకున్నాం.

స్కానింగ్ తేలికే. ప్రింటుకి 300 డీపీఐ (అంటే అంగుళానికి 300 చుక్కలు) చాలు, చిన్న బొమ్మని పెద్దది చేసి వేయాలంటే 600 పెట్టండి. వాటర్ కలర్స్ ఎండ తగిలే గోడకి పెట్టకండి, వెలిసిన రంగు మళ్లీ రాదు. లామినేషన్, సెల్లోటేపు రెండూ వద్దు, ఎవరెంత చెప్పినా వినకండి. వెనకాల వివరాలు రాయాలంటే మెత్తటి పెన్సిల్‌తో, నొక్కకుండా.

బట్టల దగ్గర మాత్రం చాలాసేపు ఆగిపోయాం. మా అమ్మాయి చిన్నప్పటి గౌను ఒకటి దొరికింది. కింద అంచు దగ్గర ఒకదాని పైన ఒకటి పాత మడతల గీతలు, పిల్ల పొడుగైనప్పుడల్లా తను కుట్టు విప్పి కిందికి వదిలిన గుర్తులు అవి. ముందే అంత గుడ్డ లోపలికి మడిచి ఉంచింది, పైగా విప్పిన ప్రతి గీత మీదా మచ్చ కనపడకుండా సన్నటి తీగ కుట్టింది, దానికి ఆకులు కూడా. తిరగేసి చూస్తే వెనకవైపు ఒక్క ముడి కనపడదు. ఇల్లూ పిల్లల్నీ చూసుకుంటూ ఖాళీగా ఉన్నప్పుడు చేసుకునేది అంటారు కొందరు, తనకి ఖాళీ ఎక్కడిదండీ, నిద్ర మానుకుని చేసింది.

ఇక అసలు నరకం తన ఆన్‌లైన్ ఖాతా. అందరికీ ఇచ్చేసిన బొమ్మల ఫొటోలు అందులోనే ఉన్నాయి, పాస్‌వర్డ్ మాలో ఎవరికీ తెలీదు. కంపెనీకి రాస్తే, భద్రత కోసం ఖాతాదారే స్వయంగా సంప్రదించాలని జవాబు. తను చనిపోయిందని రాసి మరణ ధృవీకరణ పత్రం పంపిస్తే, స్కాన్ మసకగా ఉందన్నారు. మళ్లీ పంపితే నాకూ తనకీ సంబంధం ఏంటో రుజువు చేయమన్నారు. ఇన్నేళ్ల కాపురం తర్వాత ఎవరో మొహం తెలియని మనిషికి నేను ఆవిడ మొగుడినే బాబూ అని కాగితాలు పెట్టి నిరూపించుకోవాల్సి వచ్చింది. అదీ పంపాను. తర్వాత ఫోన్‌లో ఒకతను అన్నీ విని, సరే సార్, మేడమ్‌ని ఒకసారి లైన్లోకి పిలుస్తారా, వెరిఫై చేయాలి అన్నాడు. నాకు నోట మాట రాలేదు. మా అమ్మాయి ఫోన్ లాక్కుని "ఆవిడ లేదనేగా ఇంతసేపూ చెప్తున్నాం" అని గట్టిగా అరిచి ఏడ్చేసింది. అతను సారీ చెప్పి, ఫారం మళ్లీ మొదట్నుంచి నింపమన్నాడు! అడిగి అడిగి, పై వాళ్లకి రాసి రాసి, చివరికి డౌన్‌లోడ్ లింకు వచ్చింది. అలాంటి చోట కూర్చునేవాళ్లకి ముందు మనుషులతో మాట్లాడటం నేర్పించాలి.

అందుకే మీ ఇంట్లోవాళ్లతో ఈరోజే కూర్చోండి. ఐఫోన్ అయితే 2021 డిసెంబరులో వచ్చిన లెగసీ కాంటాక్ట్ ఉంది, అంటే మన తర్వాత మన ఖాతా ఎవరు చూడాలో ముందే చెప్పి పెట్టుకునే ఏర్పాటు, అది పెట్టుకుంటే ఒక యాక్సెస్ కీ ఇస్తుంది, తర్వాత ఆ కీ, మరణ ధృవీకరణ పత్రం చూపిస్తే ఫొటోలు తీసుకోవచ్చు. గూగుల్‌లో ఇనాక్టివ్ అకౌంట్ మేనేజర్ ఉంది, ఖాతా 3 నుంచి 18 నెలలు, మీరు ఎంత పెడితే అంత, వాడకపోతే మీరు చెప్పినవాళ్లకి డేటా అందుతుంది. రెండేళ్లు ముట్టుకోని ఖాతాని గూగుల్ తీసేసే అవకాశం కూడా ఉంది, కాబట్టి ఆలస్యం చేయకండి.

పుస్తకం పేజీలన్నీ నేనే కూర్చాను, ఏ డిజైనరూ నాకంటే బాగా చేయలేడు, ఏ బొమ్మ ఏ రోజుల్లో వేసిందో నాకే తెలుసు కాబట్టి. మొదటి పేజీలో తన పేరు కింద భార్య, తల్లి అని రాస్తే మా అబ్బాయి "నాన్నా, ముందు చిత్రకారిణి అని వెయ్యి" అన్నాడు. అలాగే వేశాం.

ఒక్క బొమ్మ మిగిలిపోయింది. దగ్గర బంధువే, తను ఇచ్చిన పెద్ద బొమ్మ ఇంట్లో పెట్టుకుని, ఫొటో తీసుకుంటానంటే కూడా ఇప్పుడు కుదరదు అంటున్నారు. వచ్చే ఆదివారం మా అమ్మాయి, నేనూ మళ్లీ వెళ్తున్నాం. ఆ బొమ్మ కోసం పుస్తకం మధ్యలో రెండు పేజీలు వదిలేశాను, అవి నిండేదాకా ప్రెస్సుకి ఇవ్వను.