కాణిపాకంలో ప్రమాణం, టనాగ్రా దగ్గర డార్మాక్

"అవ్వ అన్న మాటలన్నీ నాకు తెలుసమ్మా. కానీ ఏమందో తెలీలేదు," అన్నాడు మావాడు.

తిరుపతి నుంచి వీడియో కాల్‌లో అవ్వ అడిగింది ఇంతే: "అన్నం తింటివా నాయినా? కాణిపాకంలో ప్రమాణం చేస్తావా?"

అంతరిక్ష కథల అమెరికన్ టీవీ సీరియల్ 'స్టార్ ట్రెక్: ది నెక్స్ట్ జనరేషన్' ఐదో సీజన్‌లో రెండో ఎపిసోడ్ 'డార్మాక్' (1991) అంతా ఈ చిక్కు మీదే నడుస్తుంది. తమ పాత కథల్ని గుర్తుచేస్తూనే మాట్లాడే గ్రహాంతరవాసులు టమేరియన్లు. డార్మాక్ వాళ్ళ కథల్లో ఒక వేటగాడు, టనాగ్రా ఒక దీవి. వాళ్ళ మాటల్ని అనువాద యంత్రం చక్కగా మార్చేస్తుంది. "షాకా, గోడలు కూలినప్పుడు" అని వినపడుతుంది. షాకా కథ తెలియనివాళ్ళకు అది ఓటమి అని ఎలా తెలుస్తుంది?

పదేళ్ళు దాటిన పిల్లలతో కలిసి చూడండి, 45 నిమిషాలే. రెండుచోట్ల ఆపండి. టమేరియన్ల కెప్టెన్ డేథన్ కత్తి అందించినప్పుడు, మనుషుల నౌక కెప్టెన్ పికార్డ్ దాన్ని కయ్యానికి పిలుపు అనుకుంటాడు. అక్కడ "నీకేమనిపిస్తోంది?" అని అడిగి ఊరుకోండి. రెండోది రాత్రి చలిలో. పికార్డ్ ఎంత తంటాలుపడినా నిప్పు రాజుకోదు. డేథన్ తన మంటలోంచి ఒక కొరివి తీసి, "టెంబా, చేతులు చాచి" అంటూ అతనివైపు విసురుతాడు. అర్థం మీరు చెప్పకండి. పిల్లలే పట్టుకుంటారు.

మన మాటలకూ ఇదే వరస: ముందు కథ, తర్వాత మాట. ఆకలికి తాళలేక లిఖితుడు మామిడిపండు కోసుకోవడం, రాజు చేతులు నరికించడం, ఏట్లో మునిగితే ఆ చేతులు తిరిగి రావడం, ఆ ఏటికి బాహుదా అని పేరు పడటం, ఆ ఒడ్డునే కాణిపాకంలో వెలసిన వినాయకుడి ముందు అబద్ధమాడటానికి జనం జంకడం. ఇదంతా విన్నాకే అవ్వ ప్రశ్న బరువు తెలుస్తుంది. వారానికి ఒక్క మాట చాలు. ఆ వారం అదే మాట వాడమని అవ్వకూ చెప్పండి.

దెబ్బతినేది ఎక్కడంటే, తొందరపడి అర్థం చెప్పేసినప్పుడు. "డబ్బు గోవిందా" అంటే "పోయింది" అని చెప్పి సరిపెడితే, రేపు అలిపిరి మెట్ల మీద గోవింద నామం వినగానే బిడ్డ తికమకపడతాడు.

తప్పు మనలోనే ఎక్కువ. తెలుగులో మాట్లాడమని పట్టుబడతాం, కథ అడిగితే తర్వాత అంటాం. కోపమొస్తే ఇంగ్లీషులోకి దిగేదీ మనమే.

కథలతోనే మాట్లాడే జనం పసిపిల్లలకు ఆ కథల్ని మొదట ఏ మాటల్లో చెప్తారో ఎపిసోడ్ చెప్పదు. లిఖితుడి కథ ఇంగ్లీషులో చెబితే అవ్వ మాట అందుతుందా? గాయాలతో ప్రాణం పోతున్న డేథన్‌కు పికార్డ్ మన భూమ్మీది ప్రాచీన మెసొపొటేమియా వీరుడు గిల్గమేష్ కథ తన భాషలోనే చెప్పాడు. ఎంత అర్థమైందో గానీ అతను విన్నాడు.

చివర్లో టమేరియన్ల భాషలో కొత్త మాట పుడుతుంది: "ఎల్-ఆడ్రెల్ దగ్గర పికార్డ్, డేథన్." ఎల్-ఆడ్రెల్ అంటే వాళ్ళిద్దరూ కలిసిన గ్రహం. అవ్వా మనవడూ కలిసి అలాంటిదొకటి పుట్టించుకుంటే అందులో కాణిపాకం ఉంటుందో, టనాగ్రా ఉంటుందో. మధ్యలో ఉన్న మనకు అది అర్థమవుతుందా అన్నదే నా బెంగ.