ఎస్‌ఎస్‌డీ మార్చబోతే తెలిసింది, నా ల్యాప్‌టాప్ తాళం ఎవరి దగ్గరుందో

నిన్న రాత్రితో పని పూర్తయింది. 2 టీబీ ఎస్‌ఎస్‌డీ (ఫైళ్లన్నీ దాచే డ్రైవ్) ల్యాప్‌టాప్‌లో కూర్చుంది, ఫొటోషాప్ హాయిగా నడుస్తోంది. కోపం మాత్రం దిగలేదు. అది ఉండగానే రాసేస్తే ఇంకొకరికైనా పనికొస్తుందని కూర్చున్నాను.

నేను హన్మకొండలో పెళ్లి ఆల్బమ్‌లు డిజైన్ చేస్తాను. ఇప్పటి కెమెరాల్లో ఒక్కో రా ఫైలు, అంటే ఎడిటింగ్‌కు ముందున్న అసలు ఫొటో, 25, 30 ఎంబీ ఉంటుంది. హల్దీ నుంచి రిసెప్షన్ దాకా మూడు వేల ఫొటోలంటే ఒక్క పెళ్లికే 80 జీబీ. లేయర్లతో ఉండే పీఎస్‌డీ షీట్లు (ఫొటోషాప్ ఫైళ్లు) దానికి అదనం. నా ల్యాప్‌టాప్‌లో ఉన్నది 512 జీబీ, విండోస్ చూపించేది 476. ముహూర్తాలు మొదలైతే చాలు, స్క్రాచ్ డిస్క్ (అది పనికి తాత్కాలికంగా వాడుకునే జాగా) నిండిందంటూ ఫొటోషాప్ మధ్యలో ఆగిపోయేది. ఎక్స్‌టర్నల్ డిస్కులో పెట్టుకుని పని చేద్దామంటే షీటు షీటుకీ ఎదురుచూపే.

కొనడం తేలిగ్గానే అయింది. మోడల్ నంబరుతో కంపెనీ సైట్‌లో వెతికితే నా దాంట్లో ఒకే స్లాట్ ఉందని, సన్న పట్టీలా ఉండే ఎం.2 2280 సైజులో ఎన్‌వీఎంఈ రకం డ్రైవ్ పడుతుందని తెలిసింది. ఇది చూడకుండా కొనకండి. చూడటానికి అలాగే ఉండే సాటా రకం ఎం.2 కూడా ఉంటుంది, అన్ని స్లాట్లూ దాన్ని తీసుకోవు. ల్యాబ్ పని మీద సికింద్రాబాద్ వెళ్లినప్పుడు పార్క్‌లేన్‌లోని సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లో రేట్లు కనుక్కుని, సీల్ నా ముందే తీయించి తెచ్చుకున్నాను.

అసలు కథ ఇక్కడినుంచి. చేతిలో రెండు ఆల్బమ్‌ల గడువు ఉంది. విండోస్‌తో సహా అంతా పాత డ్రైవ్ నుంచి కొత్తదానికి యథాతథంగా కాపీ చేయడాన్ని క్లోనింగ్ అంటారు కదా, అది చేసివ్వమని ఊళ్లో ఒక రిపేరు షాపులో ఇచ్చాను. గంటలో అయిపోతుందన్నాడు. అతను తన పెన్‌డ్రైవ్ పెట్టాడు, అది బూట్ కాలేదు, అంటే దాంతో ల్యాప్‌టాప్ మొదలవలేదు. బయోస్‌లోకి, అంటే విండోస్ కంటే ముందుండే సెట్టింగుల్లోకి, వెళ్లి ఏవో మార్చాడు, ఏం మార్చాడో నాకు చెప్పలేదు. అప్పుడు పెన్‌డ్రైవ్ బూట్ అయింది కానీ, అతని సాఫ్ట్‌వేర్‌కు నా సీ డ్రైవ్ అర్థం కాలేదు. మళ్లీ ఆన్ చేస్తే విండోస్ రాలేదు. నీలం స్క్రీన్ వచ్చి, డ్రైవ్‌కు తాళం వేసే బిట్‌లాకర్ రికవరీ కీ అడిగింది. 48 అంకెలు.

"మీ విండోస్ కరప్ట్ అయింది మేడమ్" అని ల్యాప్‌టాప్ నా చేతిలో పెట్టాడు.

దాన్ని పట్టుకుని కంపెనీ సర్వీస్ సెంటర్‌కు వెళ్లాను. కౌంటర్ దగ్గర నా వెనక ఆరేడుగురు ఉన్నారు. కౌంటర్‌లోని కుర్రవాడు స్క్రీన్ చూసి, "కీ చెప్పండి" అన్నాడు. నాకెవరూ ఇవ్వలేదన్నాను. మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఉంటుంది చూడండన్నాడు. ఫోన్‌లో నా మెయిల్‌తో లాగిన్ అయి చూస్తే అందులో అసలు ఏ డివైసూ లేదు. అతను ల్యాప్‌టాప్ నా వైపు తిప్పి స్క్రీన్ మీద వేలు పెట్టాడు. కీ ఏ అకౌంట్‌లో దాచి ఉందో గుర్తుగా ఒక మెయిల్ ఐడీ కనిపిస్తోంది, మధ్య అక్షరాలు చుక్కలతో. మొదటి అక్షరమే నాది కాదు.

"మేడమ్, ఈ ల్యాప్‌టాప్ మీదేనా? బిల్లుందా?"

ఆ మాట మెల్లగా అడగొచ్చు. వెనకవాళ్లందరికీ వినబడేలా అడిగాడు. ఒకాయన లైన్‌లోంచి పక్కకు వంగి మరీ నా మొహం చూశాడు. మూడేళ్లు వాయిదాలు కట్టి కొన్న వస్తువు. పన్నెండేళ్లుగా ఈ పని చేసుకుంటూ ఒకరి రూపాయి ఉంచుకోలేదు, ఒక ఫొటో పోగొట్టలేదు. ఇంటికెళ్లి బిల్లు తెచ్చి బల్ల మీద పెట్టాను. అప్పుడు కూడా క్షమించండి అనలేదు. "బిల్లు ఓకే. కీ లేకపోతే మాత్రం ఫార్మాట్ ఒక్కటే దారి, డేటాకు మాకు బాధ్యత లేదు, ఇక్కడ సంతకం పెట్టండి" అన్నాడు. పెట్టను అని ల్యాప్‌టాప్ తీసుకుని వచ్చేశాను. ఆ ఒక్క పని చేసినందుకు నన్ను నేను మెచ్చుకుంటున్నాను. సంతకం పెట్టి ఉంటే రెండు పెళ్లిళ్ల ఎడిటింగ్ గంగలో కలిసేది.

ఆ మెయిల్ ఎవరిదో ఇంటికొచ్చాక అర్థమైంది. కొన్నరోజు షోరూమ్‌లో ఒక అబ్బాయి "సెటప్ నేను చేసిస్తాను మేడమ్, అకౌంట్ లేకపోతే ముందుకు పోదు" అని ఏదో టైప్ చేసి, పిన్ పెట్టి నాకిచ్చాడు. అది అతని సొంత అకౌంట్. కొత్త విండోస్ 11 ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ కాగానే డ్రైవ్ దానంతటదే ఎన్‌క్రిప్ట్ అవుతుంది, అంటే దానికి తాళం పడుతుంది, కీ ఆ అకౌంట్‌లోకి వెళ్లిపోతుంది. ఎవరినీ అడగదు. షోరూమ్‌కు ఫోన్ చేస్తే ఆ అబ్బాయి మానేశాడట, నంబరు లేదట. ఇల్లు నేను కొంటే బీరువా తాళం మేస్త్రీ జేబులో ఉన్నట్టయింది నా పని.

దారి చూపింది మా మేనల్లుడు. పాలిటెక్నిక్ చదువుతున్నాడు. ఫోన్‌లో అంతా విని ఒకే ప్రశ్న అడిగాడు. "అత్తా, ఆ షాపతను బయోస్‌లో సెక్యూర్ బూట్ గానీ ఆఫ్ చేశాడా?"

వెళ్లి చూస్తే ఆఫ్‌లోనే ఉంది. సెక్యూర్ బూట్ అంటే నమ్మకమైన సాఫ్ట్‌వేర్‌తోనే ల్యాప్‌టాప్‌ను మొదలవనిచ్చే కాపలా. విషయం ఏమిటంటే, రోజూ మనం కీ కొట్టకుండానే విండోస్ తెరుచుకునేది లోపల టీపీఎం అనే చిప్ తాళం తీస్తుంది కాబట్టి. బూట్ అయ్యే పద్ధతి మారిందని దానికి తెలిస్తే, ఎవరో చెయ్యి పెట్టారనుకుని తాళం తియ్యదు, కీ అడుగుతుంది. సెక్యూర్ బూట్ ఆఫ్ చేయడం అలాంటి మార్పే. డ్రైవ్ చెడిపోలేదు, విండోస్ కరప్ట్ కాలేదు. పాత డ్రైవ్ దాని చోటే ఉంది. సెక్యూర్ బూట్ ఆన్ చేసి, సేవ్ చేసి, రీస్టార్ట్ కొట్టాను. పిన్ అడిగే మామూలు స్క్రీన్ వచ్చింది. కళ్లనీళ్లు ఆగలేదు నాకు. జీతం తీసుకుని కౌంటర్‌లో కూర్చునేవాళ్లకు రావాల్సిన ప్రశ్న ఇరవై ఏళ్లు నిండని పిల్లాడికి వచ్చింది.

తర్వాత వరసగా చేసిన పనులు చెబుతాను. ముందు మిగిలిన పెళ్లి ఫైళ్లన్నీ ఎక్స్‌టర్నల్ డిస్కులోకి. సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ కింద డివైస్ ఎన్‌క్రిప్షన్ ఆఫ్. చార్జర్ పెట్టే ఉంచాలి, నాకు మధ్యాహ్నమంతా పట్టింది. ఆ తర్వాత అకౌంట్స్‌లోకి వెళ్లి ఆ అబ్బాయి అకౌంట్ తీసేసి లోకల్ అకౌంట్ పెట్టాను. అప్పుడు కనిపించింది ఇంకో సంగతి. ఇన్నాళ్లూ నా డాక్యుమెంట్స్ ఫోల్డర్ అతని వన్‌డ్రైవ్‌లోకి, అంటే మైక్రోసాఫ్ట్ ఆన్‌లైన్ నిల్వలోకి, కాపీ అవుతూ ఉంది. ఉచితంగా ఇచ్చేది 5 జీబీ కాబట్టి అక్కడితో ఆగింది. కానీ ఆ 5 జీబీలో మా అబ్బాయి ఆధార్ కాపీ, బ్యాంకు స్టేట్‌మెంట్, నా దగ్గర ఆల్బమ్ చేయించుకున్న ఆడపిల్లల ఫొటోలు ఉన్నాయి. నమ్మి ఇచ్చిన ఫొటోలవి. ఆ అబ్బాయి దురుద్దేశంతో చేశాడని అనను, తొందరగా పని కానిచ్చుకున్నాడు. కానీ షోరూమ్ నడిపేవాళ్లకు ఇది తప్పని తెలియాలి. రోజుకు ఎంతమందికి ఇలా చేసి పంపుతున్నారో!

క్లోనింగ్ నేనే చేసుకున్నాను. కొత్త ఎస్‌ఎస్‌డీని యూఎస్‌బీ ఎన్‌క్లోజర్‌లో (డ్రైవ్‌ను బయటినుంచి తగిలించే డబ్బా) పెట్టి, డ్రైవ్ కంపెనీ ఉచితంగా ఇచ్చే సాఫ్ట్‌వేర్‌తో విండోస్ నడుస్తుండగానే కాపీ చేశాను. బయోస్ జోలికే పోలేదు. వెనక మూత విప్పడం భయపడినంత లేదు. నా దాంట్లో రెండు స్క్రూలు రబ్బరు పట్టీ కింద దాక్కుని ఉన్నాయి, వాటిని చూడకుండా లాగితే మూత విరుగుతుంది. ముందు బ్యాటరీ కనెక్టర్ ఊడదీయాలి. డ్రైవ్‌ను ఏటవాలుగా స్లాట్‌లోకి దూర్చి, కిందికి నొక్కి చిన్న స్క్రూ బిగిస్తే అయిపోయింది. షాపులో అడిగిన సర్వీస్ చార్జీతో స్క్రూడ్రైవర్ సెట్టు, ఎన్‌క్లోజర్ రెండూ వచ్చాయి, ఇంకా మిగిలింది.

ఒక్క చిక్కు వచ్చింది. కొత్త డ్రైవ్‌లో కూడా సీ డ్రైవ్ పాత సైజే చూపించింది. మిగతా జాగా ఖాళీగా ఉన్నా డిస్క్ మేనేజ్‌మెంట్‌లో పెంచే ఆప్షన్ పని చేయలేదు, ఎందుకంటే సీ డ్రైవ్‌కు, ఖాళీ జాగాకు మధ్య రికవరీ పార్టిషన్ (విండోస్ బాగుచేసుకోడానికి ఉంచుకునే భాగం) అడ్డం ఉంది. ఉచిత పార్టిషన్ సాఫ్ట్‌వేర్‌తో దాన్ని చివరికి జరిపితే సరిపోయింది. 2 టీబీ అని రాసి ఉన్నా విండోస్‌లో మొత్తం 1.81 అని కనిపిస్తుంది. కంపెనీ వెయ్యితో లెక్కేస్తుంది, విండోస్ 1024తో. మోసం కాదు.

పాత 512ను ఫార్మాట్ చేయలేదు. ఈ సీజన్ అయ్యేదాకా అలాగే ఎన్‌క్లోజర్‌లో పెట్టి ఉంచుతాను.

మీ ల్యాప్‌టాప్‌ను కూడా షోరూమ్‌లోనే సెటప్ చేసిచ్చి ఉంటే, సెట్టింగ్స్‌లో అకౌంట్స్ తెరిచి అక్కడ ఎవరి మెయిల్ ఉందో ఈరోజే చూడండి. మీదైతే ఆ అకౌంట్‌లోకి వెళ్లి 48 అంకెల కీ కాగితం మీద రాసి పెట్టుకోండి. మీది కాకపోతే ఎవ్వరికీ రిపేరుకు ఇవ్వకండి, ముందు ఆ అకౌంట్ మార్చుకునే పని చూసుకోండి.

ఆ అకౌంట్‌లోని నా ఫైళ్లు తీయించి, తీసేసినట్టు నాకు చూపించాలని షోరూమ్ మేనేజర్‌కు చెప్పాను. కనుక్కుని ఫోన్ చేస్తానన్నాడు, చేయలేదు. సోమవారం బిల్లు పట్టుకుని నేనే వెళ్తున్నాను.