గోదారి నీళ్ళు తాగిన కీబోర్డు

పగలు పాలకొల్లు దగ్గర ఒక రైసు మిల్లులో లెక్కలు రాస్తాను. పెళ్ళిళ్ళ సీజన్లోనూ క్రిస్మస్ రోజుల్లోనూ రాత్రుళ్ళు ఆర్కెస్ట్రాలో కీబోర్డు వాయిస్తాను. 2022 కార్తీక మాసంలో నా పాత కీబోర్డు డిస్‌ప్లే పూర్తిగా చచ్చిపోయింది. కొత్తది కొందామంటే మాకు కావలసిన రకం లక్ష పైమాటే. అలా సెకండ్ హ్యాండ్ వేటలో పడ్డాను.

ఒక కుర్రాడు అమ్ముతున్నాడని మా ఆర్కెస్ట్రాలో ప్యాడ్స్ (ఎలక్ట్రానిక్ డ్రమ్స్) వాయించే మాస్టారు చెప్పారు. గోదారి పాయ వైనతేయ ఒడ్డున ఒక లంక ఊరు. 61 కీల జపాన్ కంపెనీ కీబోర్డు, ఐదేళ్ళు వాడింది, 45 వేలు చెప్పాడు. వాట్సాప్‌లో మాట్లాడుకున్నాం. ఎలా ఉందయ్యా అంటే "సూపర్ కండిషనన్నయ్యా" అన్నాడు. ఈ మాట ఎవరైనా అంటారు. నేనూ నా పాతదాన్ని అమ్మేటప్పుడు డిస్‌ప్లే గురించి తప్ప మిగతాదంతా సూపర్ అనే చెప్పాను.

మిల్లు అలవాటు ఒకటి నన్ను కాపాడింది. ధాన్యం వస్తే మేం మొదట చూసేది తేమ. 17 శాతం దాటితే గొడవే. ఆ అలవాటుతో, సగం సరదాగానే, వాయిస్ మెసేజ్ పెట్టాను: "జూలై వరదల్లో ఏమైనా తడిసిందా బాబూ?" తిరిగి వాయిసే వచ్చింది. "ఆయ్, లేదన్నయ్యా. చుక్క నీరు తగల్లేదు. ముందే అటకెక్కించేశాం." అంతే, తొమ్మిది సెకన్లు. విని వదిలేశాను. డిలీట్ చేయకపోవడానికి కారణం బద్ధకం తప్ప ముందుచూపు కాదు.

ఆదివారం చించినాడ వంతెన దాటి వెళ్ళాను. నాకు తెలిసిన పరీక్షలన్నీ చేశాను. అడాప్టర్ తిరగేసి వోల్టేజి చూశాను. జపాన్‌లో అమ్మే సరుకు కొంత 100 వోల్టులది ఉంటుంది, దాన్ని మన 230లో పెడితే కాలిపోవడమే. ఇది మన కరెంటుకు సరిపడేదే. ఎడమ నుంచి కుడికి 61 మెట్లూ ఒక్కొక్కటే నొక్కాను. పిచ్ బెండ్ (స్వరాన్ని పైకీ కిందికీ జార్చే మీట), మాడ్యులేషన్, సస్టైన్ పెడల్, హెడ్‌ఫోన్ జాక్ అన్నీ బాగున్నాయి. మధ్యాహ్నం రెండు గంటలు, ఎండ మండిపోతోంది. ఆ గదిలో గోడకి నడుము ఎత్తు దాకా ఒక రంగు, పైన ఇంకో రంగు. కింది భాగం కొత్తగా వేసిన సున్నం. చూశాను. బాగుందనుకున్నాను కూడా. 42 వేలకు బేరం తెగింది. ఫోన్‌పే చేసి, ఆటోలో దుప్పటి చుట్టి పట్టుకొచ్చాను.

నెల రోజులు ఏ ఇబ్బందీ లేదు. రెండు పెళ్ళిళ్ళు, ఒక వ్రతం. అన్నీ కల్యాణ మండపాల్లోనే.

డిసెంబరు 24 రాత్రి రాజోలు దగ్గర ఒక చర్చిలో ప్రోగ్రాం. ఆరుబయట పందిరి. పదకొండు దాటాక మంచు పడటం మొదలైంది. కోనసీమ మంచు తెలిసిందేగా, కొబ్బరాకుల మీంచి బొట్లు బొట్లుగా కారుతుంది. పాట మధ్యలో ఒక మెట్టు పలకలేదు. వేలు సరిగ్గా పడలేదనుకున్నాను. తర్వాతి చరణంలో ఇంకోటి. కొన్ని మెట్లేమో మెల్లగా తాకినా బాంబు పేలినట్టు పలుకుతున్నాయి. పాడే అమ్మాయి నా వైపు రెండుసార్లు తిరిగి చూసింది. మిగిలిన పాటలన్నీ కుడిచేత్తో స్ట్రింగ్స్ పట్టి లాగించేశాను. ఆ చలిలో చొక్కా తడిసిపోయింది.

ఇంటికొచ్చాక కూర్చుని చూశాను. ఎడమ నుంచి ఎఫ్ పలకదు, ఆ తర్వాత పై ఆక్టేవ్‌లో సి షార్ప్, ఆపైన ఏ, మళ్ళీ ఎఫ్. స్వరాల లెక్కలో దీనికి అర్థమేమీ కనపడలేదు. మెట్లు వేలితో లెక్కపెడితే అప్పుడు తెలిసింది: సరిగ్గా ఎనిమిదేసి మెట్లకొకటి. మొత్తం ఏడు. తెల్లారి ఎండెక్కాక వాటిలో నాలుగు మళ్ళీ పలికాయి. ఇదే నాకు ఎక్కువ టెన్షన్ పెట్టింది. పూర్తిగా పోతే బాగు చేయిస్తాం, వస్తూ పోతూ ఉంటే ఏ స్టేజి మీద పరువు తీస్తుందో తెలియదు.

రాజమండ్రిలో ఆంప్లిఫయర్లూ కీబోర్డులూ బాగు చేసే ఒక పెద్దాయన ఉన్నారు. రావులపాలెం మీదుగా బస్సులో ఒళ్ళో పెట్టుకుని తీసుకెళ్ళాను. ఎనిమిది లెక్క చెప్పగానే ఆయన నవ్వారు. ఒక్కో మెట్టుకీ సర్క్యూట్ దాకా విడిగా తీగ ఉండదట. ఎనిమిదేసి చొప్పున వరసలు కట్టి, ఆ వరసల్ని ప్రాసెసర్ ఒకదాని తర్వాత ఒకటి చూసుకుంటూ పోతుంది. ఎనిమిదింటికొకటి పోయిందంటే మెట్ల తప్పు కాదు, అన్ని వరసల్లోనూ అదే స్థానంలో ఉన్న మెట్లను కలిపే లైనులోనే ఎక్కడో దెబ్బ. ఇక బాంబుల సంగతి. ప్రతి మెట్టు కిందా రబ్బరులో రెండు కార్బన్ బొట్లుంటాయి. నొక్కితే ఒకటి ముందు, ఒకటి వెనక తగులుతాయి. ఆ రెంటి మధ్య ఎంత సమయం పట్టిందన్న దాన్నిబట్టే మనం గట్టిగా నొక్కామో మెల్లగా నొక్కామో దానికి తెలుస్తుంది. ఒక బొట్టు సరిగ్గా తగలకపోతే ఆ లెక్క తప్పుతుంది.

స్క్రూలు విప్పబోతూ ఆగారు. "మాస్టారూ, దీన్ని ముందే ఎవరో విప్పారు. ఫోన్ తియ్యండి, వీడియో పెట్టుకోండి. నేను తుడిచేశాక మీ దగ్గర ఏమీ మిగలదు." రెండు స్క్రూల తలలు అరిగిపోయి ఉన్నాయి. నాలుగు కొత్తవి, వేరే రకానివి. నేను వోల్టేజి చూడ్డానికి అడాప్టర్ తిరగేశానే గానీ, కీబోర్డు తిరగేసి చూడలేదు.

అడుగు పలక తీయగానే వాసన తెలిసింది. వరద తీసిన ఇంట్లో వచ్చే వాసన. స్పీకరు కాగితం అంచుకి గోధుమరంగు గీత. రిబ్బన్ కేబుల్ చివర పచ్చగా చిలుం. మెట్ల సర్క్యూట్ పలక కింద, మూలల్లో, పిండిలా మెత్తటి ఎర్రమట్టి. ఆయన వేలితో తీసి నాకు చూపించారు. ఒండ్రు. గోదారి జిల్లాల్లో పుట్టినవాడికి అది ఏమిటో ఎవరూ చెప్పక్కర్లేదు.

"పొడిగా ఉన్నంతసేపు బుద్ధిగా ఉంటుందండి. చెమ్మ తగిలితే ఈ మట్టి తేమ లాక్కుంటుంది, అప్పుడు పాత సంగతులన్నీ గుర్తొస్తాయి దీనికి."

2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటి వచ్చింది. మూడో ప్రమాద హెచ్చరిక 17 లక్షలకే ఇస్తారు. లంకల్లో ఎవరిళ్ళు మునగలేదని? నడుము ఎత్తు దాకా కొత్త సున్నం ఎందుకు వేశారో రాజమండ్రిలో ఆ బల్ల ముందు కూర్చుంటే గానీ నాకు తట్టలేదు.

కుర్రాడికి ఫోన్ చేశాను. మొదట "నా దగ్గర బాగానే ఉందన్నయ్యా" అన్నాడు. తర్వాత "మీరే మంచులో పెట్టుంటారు." మూడో రోజు నుంచి ఫోన్ ఎత్తడం మానేశాడు. కోపంలో నేను స్టేటస్‌లో పెట్టేద్దామనుకున్నాను. మా ఆవిడ వద్దంది. అతని పేరు పాడు చేస్తే డబ్బులొచ్చే దారి కూడా మూసుకుపోతుందని ఆవిడ లెక్క.

వరసకు బావ ఒకాయన అమలాపురంలో వకీలు. అమ్మిన కుర్రాడు వ్యాపారి కాదు గనక వినియోగదారుల కమిషన్‌కి వెళ్ళి లాభం లేదన్నాడు. పాత సరుకు కొనేటప్పుడు చూసుకోవలసింది కొనేవాడే, అమ్మేవాడు ఊరికే నోరు మూసుకుంటే అది మోసం కిందికి రావడం కష్టం. కానీ తెలిసిన లోపాన్ని పనిగట్టుకుని దాస్తే 1872 నాటి కాంట్రాక్టు చట్టం 17వ సెక్షన్ ప్రకారం మోసమే. "నువ్వు అడిగావు, అతను లేదన్నాడు. ఆ వాయిస్ ఉందా?" అన్నాడు. ఉంది. "అయితే కోర్టుకెళ్ళకు. 42 వేలకి ఎన్నేళ్ళు తిరుగుతావు? ఉందని అతనికి తెలిస్తే చాలు."

ప్యాడ్స్ మాస్టారిని వెంటబెట్టుకుని ఆ ఊరు వెళ్ళాను. అరుగు మీద కూర్చున్నాం. మజ్జిగిచ్చారు. నేను కీబోర్డు విప్పిన వీడియో చూపించాను, ఆ తర్వాత తొమ్మిది సెకన్ల వాయిస్ పెట్టాను. అతను తలెత్తలేదు. మాట్లాడింది వాళ్ళమ్మ. రాత్రికి రాత్రి నీళ్ళొచ్చాయట. బియ్యం బస్తాలూ మంచం పట్టిన ముసలాయన్నీ డాబా మీదికి చేర్చేసరికి తెల్లారింది. కీబోర్డు స్టాండు మీదే ఉండిపోయింది. "ఆడు ఏడ్చాడు బాబూ దానికోసం" అంది. తర్వాత అతనే విప్పి, తుడిచి, వారం రోజులు ఎండబెట్టాడు.

అది విన్నాక నా గొంతు కొంచెం తగ్గిన మాట నిజం. అయినా చెప్పవలసింది చెప్పాను. ఆ సంగతే ముందు చెప్పుంటే పాతిక వేలకో, ముప్పై వేలకో కొనేవాణ్ణి, రిపేరు నా తిప్పలు నేను పడేవాణ్ణి. క్రిస్మస్ నాడు ఆరుబయటికి మాత్రం తీసుకెళ్ళేవాణ్ణి కాదు. మాస్టారు మధ్యలో కూర్చుని తేల్చారు: కీబోర్డు నా దగ్గరే ఉంటుంది, అతను 12 వేలు వెనక్కిస్తాడు, మూడు విడతల్లో. పూర్తి డబ్బు అడగాల్సిందని మా ఆవిడ ఇప్పటికీ అంటుంది. ఇవ్వగలిగే ఇల్లు కాదది.

రిపేరుకి ఆరున్నర వేలయింది. రాజమండ్రి పెద్దాయన పలకలన్నీ ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కడిగారు, రబ్బరు పట్టీలు మార్చారు, రిబ్బన్ కేబుల్ కొత్తది వేశారు. చిలుం తిన్న ఒక లైనుకి సన్నటి తీగ అతికి జంపర్ వేశారు. స్పీకర్లు వదిలెయ్యమన్నాను, స్టేజి మీద ఎలాగూ మిక్సర్‌కే ఇస్తాం. పిచ్ బెండ్ ఇప్పటికీ వానాకాలంలో ఒక పిసరు పక్కకి జారుతుంది. అందుకని ముసురు రోజుల్లో దాని జోలికి పోను. సంచిలో సిలికా జెల్ పొట్లాలు పడేసి ఉంచుతాను. పందిరైతే మీద టార్పాలిన్ కట్టకుండా వాయించనని ముందే చెప్పేస్తున్నాను. కొందరు నవ్వుతారు.

మొదటి విడత నాలుగు వేలు సంక్రాంతికి ముందే వేశాడు. రెండోది వేసవిలో వచ్చింది. ఆఖరి నాలుగు వేలు రాలేదు, నేనూ అడగలేదు. ఆ జూలైలో ధవళేశ్వరం దగ్గర రెండో ప్రమాద హెచ్చరిక ఇచ్చారని టీవీలో చూసి, వాళ్ళ ఊరు ఎలా ఉందో కనుక్కుందామని ఫోన్ చేశాను. డబ్బు కోసమనుకున్నాడేమో, ఎత్తలేదు.