నిల్ అంటే సున్నా కాదు

పర్లాకిమిడిలో మా మేనల్లుడూ నేనూ లువా అనే ప్రోగ్రామింగ్ భాషలో చిన్న గేమ్ రాస్తున్నాం. నిన్న రాత్రి ఆటలోని బొమ్మ వెళ్ళి నాణేన్ని ముట్టుకోగానే ఆట ఆగిపోయింది. నిల్‌తో, అంటే ‘ఏమీ లేదు’తో, కూడిక చేయలేనని ఎర్రర్! రెండు గంటల టెన్షన్ తర్వాత చూస్తే, కోడ్‌లో స్కోరుకు పెట్టిన పేరు రాయడంలో ఒక్క అక్షరం తప్పు. మనం పెట్టని పేరు అడిగినా లువా మామూలుగా ఏమీ అనదు, నిల్ చేతిలో పెడుతుంది. దాన్ని లెక్కలోకి లాగినప్పుడే గొడవ. సున్నా అలా కాదు, అది విలువే. 1993లో బ్రెజిల్‌లో పుట్టిన ఈ భాషలో షరతు దగ్గర సున్నా కూడా నిజం కిందే లెక్క. నిల్, ఫాల్స్ మాత్రమే అబద్ధం.

‘‘పరీక్ష రాసి సున్నా తెచ్చుకోవడం వేరు, అసలు వెళ్ళకపోవడం వేరు. అంతే కదా మామయ్యా?’’ అన్నాడు. నాకింత తేలిగ్గా ఎవరూ చెప్పలేదు. బడిలో వాడిది ఒడియా మీడియం. ఆ మాటనే కోడ్‌లో కామెంట్‌గా, తెలుగులో రాసుకున్నాడు.