ఈపులు

పదకొండున్నర దాటింది. అత్తయ్య రేడియో ఆగిపోయింది, ఈయన పడుకుని గంటయింది. నాకే నిద్ర పట్టడం లేదు, ఒక చుక్క వల్ల.

కంప్యూటర్‌లో రాసుకునే ఒక ఎడిటర్ ప్రోగ్రాంకు ప్యాచ్, అంటే దాని కోడ్‌లో చిన్న సవరణ, పంపాను. మూడు వారాలకు, ఆ ప్రోగ్రాం చూసుకునే ఒకాయన నుంచి సమీక్ష వచ్చింది. నా కోడ్ 14 వరుసలు, ఆయన వ్యాఖ్యలు 9. ఆరింటికి ముందు ‘నిట్’ అని తగిలించాడు, చిల్లర తప్పు అని. నిట్, ఇక్కడ ట్యాబ్ కాదు, నాలుగు ఖాళీలు. నిట్, మార్పుతో పాటు రాసే కమిట్ సందేశం శీర్షిక 50 అక్షరాలు దాటింది. (దాటింది, రెండే రెండు.) నిట్, వివరణ చివర చుక్క పెట్టలేదు. అంతకుముందే సైన్డ్-ఆఫ్-బై వరుస లేదని, తనంతట తానే తనిఖీ చేసే బాట్ నన్ను గుమ్మంలో నిలబెట్టింది. ఈ కోడ్ ఇచ్చే హక్కు నాకుందని పేరు రాసి ఒప్పుకోవడం అది. 2004లో లైనక్స్ కెర్నల్ వాళ్లు మొదలుపెట్టారు, సబబే. కానీ చుక్క? కోడిగుడ్డు మీద ఈకలు పీకడం కాకపోతే ఏమిటిది?

నిట్ అంటే అసలు అర్థం ఈపి. ఆ మాట చూడగానే అమ్మమ్మ గుర్తొచ్చింది. ఆదివారం మధ్యాహ్నం పెరటి అరుగు మీద నన్ను మోకాళ్ల మధ్య ఇరికించుకుని కూర్చునేది. పేల దువ్వెన మాడును గీరుతూ దిగుతుంటే కళ్లలో నీళ్లు తిరిగేవి. పేను దొరికితే ఆమెకు పెద్ద సంబరం ఉండేది కాదు, నడిచేది ఎక్కడికి పోతుందిలే అనేది. ఈపి కనిపిస్తే మాత్రం వదిలేది కాదు. వెంట్రుక కొసదాకా లాగి, రెండు బొటనవేళ్ల గోళ్ల మధ్య టిక్కుమనిపించేది. వీధిలో పిల్లల ఆటలు వినిపిస్తూనే ఉండేవి. చాలమ్మమ్మా అని ఏడిస్తే, తల ఇంకాస్త వంచేది.

ప్యాచ్ సంగతి చెప్పనేలేదు. ‘సాఫ్ట్‌వేర్’లో ట్ తరువాత కంటికి కనబడని అక్షరం ఒకటి ఉంటుంది, జీరో విడ్త్ నాన్ జాయినర్. అది లేకపోతే ‘సాఫ్ట్వేర్’ అని వ ఒత్తు కిందికి దిగుతుంది. జనం రెండు రకాలుగానూ రాస్తారు. ఒకటి వెతికితే రెండోది దొరకదు. వెతికేటప్పుడు ఆ అక్షరాన్ని లెక్కలోకి తీసుకోకుండా చేశాను, అంతే.

‘మార్పిడికి కూడా టెస్ట్ రాయండి’ అన్నాడు ఆ సమీక్షకుడు. వెతికిన మాట తీసి ఇంకోటి పెట్టినప్పుడు సరిగ్గా వస్తుందో లేదో చూసే చిన్న కోడ్ అది. తెలుగు ముక్క రానివాడు నాకు చెబుతాడా అని రెండు రోజులు ముఖం మాడ్చుకుని తిరిగాను. (ఆ రెండు రోజులూ ఇంట్లో వాళ్లే అనుభవించారు.) మూడో రోజు రాశాను. సాఫ్ట్‌వేర్ తీసి ప్రోగ్రాం పెట్టమంటే ‘ప్రోగ్రాం్’ అని వచ్చింది, చివర దిక్కులేని పొల్లు వేలాడుతూ. గుణింతం గుర్తులూ పొల్లులూ విడివిడిగా లెక్కపెట్టే కంప్యూటర్‌కు ‘సాఫ్ట్‌వేర్’లో ఉన్నవి 11 సంకేతాలు. కనబడనిదాన్ని వదిలేసి నేను లెక్కపెట్టింది 10. పదీ చెరిగిపోయి పదకొండోది మిగిలింది. ఎవరి ఫైలు పాడయ్యేదో!

అందుకని ఆయన మీద కోపం పోయిందని కాదు. టెస్ట్ అడగడం వేరు, చుక్క అడగడం వేరు. చుక్క లేకపోతే ఏ ఫైలూ చెడదు. అయినా పెట్టాను.

ఈరోజు సాయంత్రం ప్యాచ్ కలిపేసుకున్నారు. ‘థ్యాంక్స్’ అన్న ఒక్క మాట, దాని చివర చుక్క లేదు. ఈయనకు చెబితే ‘డబ్బులేమైనా ఇస్తారా’ అన్నారు.

చిన్నది అన్నం తింటూ రెండుసార్లు తల గోక్కుంది. రేపు ఆదివారం.