తెల్లబట్టకి కల్చర్ రాశారా? ఆ రిపోర్టు చెప్పనిది

తెల్లబట్ట అవుతోందని వెళ్తే నెల్లూరు పొగతోటలో అయినా, ఒంగోలు కర్నూలు రోడ్డులో అయినా చాలాసార్లు చేతికొచ్చే చీటీలో స్వాబ్ కల్చరో, యూరిన్ కల్చరో ఉంటుంది, అంటే దూది పుల్లతో తీసిన తడిలోనో, మూత్రంలోనో ఉన్న సూక్ష్మజీవుల్ని ల్యాబ్‌లో పెంచి చూసే పరీక్ష. రెండు రోజులకి ‘నో గ్రోత్’ అని వస్తే ఇంకేం లేదని కాగితం బీరువాలో పెట్టేస్తారు. కలయిక వల్ల అంటుకునే జబ్బుల్లో క్లమీడియా, గనోరియా ముఖ్యమైనవి. క్లమీడియా విషయంలో ఆ కాగితం దేనికీ పనికిరాదు. మన కణాల లోపల మాత్రమే పెరిగే బాక్టీరియా అది, సూక్ష్మజీవుల్ని పెంచే అగార్ ప్లేటు మీద ఎన్నాళ్లుంచినా రాదు. గనోరియా వస్తుంది గానీ దానికి చాకొలెట్ అగారో, థేయర్-మార్టిన్ ప్లేటో లాంటి ప్రత్యేకమైన ప్లేటు కావాలి, 5 శాతం కార్బన్ డయాక్సైడ్ కావాలి. మామూలు దూది పుల్లతో తీసి, ఫ్రిజ్‌లో పెట్టి, మర్నాడు ప్లేటుకెక్కిస్తే అప్పటికే చచ్చి ఉంటుంది. ఇక క్లమీడియా ఐజీజీ అనే రక్తపరీక్ష ఎప్పుడో వచ్చిపోయినదాన్నీ చూపిస్తుంది. ఇప్పుడుందో లేదో తేల్చదు. డబ్బు దండగ.

అడగాల్సింది క్లమీడియా, గనోరియా పీసీఆర్, అంటే బాక్టీరియా డీఎన్‌ఏని వెతికి పట్టే పరీక్ష. ఒకే శాంపిల్‌తో రెండూ తేలతాయి. జీన్‌ఎక్స్‌పర్ట్ అనే పీసీఆర్ మిషన్ మీద గంటన్నర పని. అయితే టీబీకి ఆ మిషన్ ఉన్నచోటల్లా ఇది చేస్తారనుకోవద్దు, దీని కార్ట్రిడ్జి వేరు. ముందే ఫోన్ చేసి కనుక్కోండి.

క్లమీడియా ఉన్న ఆడవాళ్లలో ఎక్కువమందికి ఏ లక్షణమూ ఉండదు. తెల్లబట్టా ఉండదు, నొప్పీ ఉండదు. లోపల గర్భాశయ నాళాలు మాత్రం దెబ్బతింటూ ఉంటాయి. లక్షణాలు చూసి మందుల కిట్టు ఇచ్చే పద్ధతిలో వీళ్లెవరూ దొరకరు. లక్షణాలు లేకపోయినా పరీక్షించే స్క్రీనింగ్ అనేది ఉన్నదే వీళ్ల కోసం.

శాంపిల్ దగ్గరే పని చెడేది. ఆడవాళ్లకి యోని స్వాబే మంచిది, ఎవరిది వాళ్లే తీసుకోవచ్చు, డాక్టరు తీసినదానికేం తీసిపోదు. చేతులు కడుక్కుని, కొనకి వేలు తగలకుండా పట్టుకుని, రెండంగుళాలు లోపలికి పోనిచ్చి, గోడలకి తగిలేలా 10 నుంచి 30 సెకన్లు తిప్పాలి. ట్యూబులో పెట్టి గీత ఉన్నచోట విరిచి మూత బిగించాలి. లోపలి ద్రవం ఒలికితే నీళ్లు పోయకండి, ఇంకో శాంపిల్ కిట్టు అడగండి.

యూరినే ఇవ్వాల్సి వస్తే యూరిన్ కల్చర్‌కి ఇచ్చినట్టు మధ్యధార పట్టకూడదు. మొదటి ధారే కావాలి, 20–30 మిల్లీలీటర్లు చాలు. బాటిల్ నిండా పడితే పలచనైపోయి ఉన్నది కూడా దొరకదు. అంతకుముందు గంటసేపు మూత్రానికి వెళ్లి ఉండకూడదు, ముందుగా కడుక్కోనూ కూడదు. “అమ్మా, ఇందాక బాత్‌రూమ్‌కి వెళ్లొచ్చారా?” అని కౌంటర్లో ఒక్క మాట అడిగితే సరిపోతుంది, అదే అడగరు. ఇవన్నీ పాటించినా స్వాబ్‌తో పోలిస్తే పదోవంతు కేసుల దాకా తప్పిపోవచ్చు.

తర్వాత ఎండ. చాలా కిట్లు 30 డిగ్రీలు దాటకూడదంటాయి. మే నెలలో కనిగిరి నుంచో కందుకూరు నుంచో బస్సు డిక్కీలో వచ్చే శాంపిల్ సంగతి చెప్పక్కర్లేదు. ఐస్‌ప్యాక్ ఉన్న పెట్టె ఉండాల్సిందే.

రిపోర్టులో ‘ఇన్‌వాలిడ్’ అంటే లేదని కాదు, పరీక్ష నడవలేదని. మళ్లీ శాంపిల్ ఇవ్వాలి. సిఫిలిస్ దీంట్లో తెలియదు, దానికి రక్తం ఇవ్వాలి. సిఫిలిస్‌కి చేసే వీడీఆర్‌ఎల్, దాంతోపాటు హెచ్‌ఐవీ పరీక్ష అదే రోజు చేయించేస్తే ఒక పని అయిపోతుంది.

ఇంకో మాట. రిజిస్టర్లో ఎవరి ఫోన్ నంబరు రాస్తున్నారో చూసుకోండి. రిపోర్టు ఆ వాట్సాప్‌కే పోతుంది. చాలామంది భర్తదో కొడుకుదో ఇచ్చేస్తారు.

పాజిటివ్ వస్తే భర్తకీ మందు పడాలి, ఇద్దరిదీ పూర్తయ్యేదాకా, కనీసం ఏడు రోజులు, కలయిక వద్దు. మందు వాడిన వారానికే మళ్లీ పీసీఆర్ చేయిస్తే చచ్చిన బాక్టీరియా డీఎన్‌ఏ వల్ల పాజిటివ్ రావచ్చు, దానికి కంగారుపడి రెండో కోర్సు మొదలుపెట్టేవాళ్లున్నారు. గర్భిణులకి మందు వాడిన నాలుగు వారాల తర్వాత ఒకసారి చూస్తారు. మిగతావాళ్లు మూడు నెలలకి చేయించుకుంటే చాలు.