చూపిస్తే పాడయ్యే ఫోటోలు

“చూపిస్తే పాడైపోయే ఫోటోలేంటండీ?” అన్నాడు పక్క సీటాయన.

గుంటూరు నాన్‌స్టాప్‌లో కిటికీ పక్కన కూర్చున్నాను. ఒళ్ళో నల్ల కవరు, దాని మీద ఎండ పడకుండా తుండుగుడ్డ. చంటిపిల్లాణ్ణి పట్టుకున్నట్టు పట్టుకున్నానేమో, బస్టాండు దాటకముందే ఆయన కన్ను దాని మీద పడింది. లోపల పాతిక బ్రొమైడ్ కాగితాలు. ఆన్‌లైన్లో తెప్పిస్తే ఒక్కోటీ వంద దాటింది. కెమెరా లేకుండా వీటి మీద వస్తువులు పెట్టి బొమ్మలు తీస్తామండీ, ముందే వెలుగు తగిలితే దండగ అని ఉన్నమాట చెప్పాను. ఆయన నా వంక జాలిగా చూశాడు.

అప్పటికే నా మనసు చిరాగ్గా ఉంది. పొద్దున బెజవాడలో రైలు దిగి, కడిగిన బొమ్మ చెరగకుండా నిలబెట్టే మందు హైపో కోసం బీసెంట్ రోడ్డుకి వెళ్దామంటే ఆటో అతను నూట యాభై అన్నాడు. నడిస్తే ఇరవై నిమిషాలు. మార్చి నెలకే ఎండ అలా ఉంటే ఏం నడుస్తాం? ఎక్కాను. మూడు కెమెరా షాపులు తిరిగాను. ఒక కుర్రాడు హైపో అంటే పవర్‌బ్యాంకు తీసి చూపించాడు. ఇంకో చోట పెద్దాయన మాత్రం “ఇంకా ఎవరు కడుగుతున్నారండీ ఫోటోలు?” అని నవ్వి, ఊరుకున్నాడు. గుంటూరులో ఉన్న బాబాయికి ఫోన్ చేస్తే, “చేపల తొట్లు అమ్మే షాపుకెళ్ళరా” అన్నాడు. వెటకారమనుకున్నాను. కాదు. కొళాయి నీళ్ళలో క్లోరిన్ విరగడానికి వాళ్ళు అమ్మేది సోడియం థయోసల్ఫేటే. హైపో అంటే అదే. కలకండ పలుకుల్లాంటిది కేజీ కట్టించుకుని, ఎర్ర చేపలకి దండం పెట్టి బయటపడ్డాను.

బస్సు వారధి దాటుతోంది. కృష్ణలో నీళ్ళకంటే ఇసుక తిన్నెలే ఎక్కువ కనిపిస్తున్నాయి. పక్కాయనది తిరువూరు వైపు. మిరపకాయల టిక్కీలు, అంటే బస్తాలు, రాత్రే లారీలో వెళ్ళిపోయాయి, ఈయన రేటు కోసం గుంటూరు మిర్చి యార్డుకి వెనకాలే వెళ్తున్నాడు. నా కవరు తెరవనన్నానని కాబోలు, తన కవరు తెరిచాడు. మచ్చు కాయలు. ఒక్కసారిగా ఘాటు లేచింది, ముందు సీటావిడ తుమ్మింది, కండక్టరు వెనక్కి తిరిగి చూశాడు.

తేజ రకం కాయ ఒకటి తీసి కిటికీ వెలుగుకి అడ్డం పెట్టాడు. సన్నగా, చిన్నవేలంత. తోలు గాజులా మెరిసింది, లోపల గింజలు పసుప్పచ్చగా వరసగా కనిపించాయి. “బంగారం కదా? దీంట్లో గుప్పెడు ఇవి కలిస్తే చాలు, రేటు కోసేస్తారు” అని ఇంకో కాయ చేతిలో పెట్టాడు. రంగు పోయి, చొప్పలా తెల్లబడిన కాయ. తాలు. మంగళగిరి దాటి కాజ టోల్‌గేటు దాకా తాలు గురించే. మంచు, తెగులు, కల్లంలో తడి, దేన్ని తిట్టాలో తేల్చుకోలేక అన్నిటినీ తిట్టాడు. దిగేముందు రెండు తేజ కాయలూ నాలుగు తాలుకాయలూ కాగితంలో చుట్టిచ్చాడు. “వీటితో తియ్యండి మీ బొమ్మలు. తాలు పాడైనా పర్లేదు.”

బాబాయి వాళ్ళు బ్రాడీపేటలో ఉంటారు. ఒకప్పుడు ఇంటి ముందుగదే స్టూడియో. వెనక డార్క్‌రూమ్. ఇప్పుడందులో ఆవకాయ జాడీలు ఉన్నాయి. చీకటి, చల్లదనం, ఇంకేం కావాలి అంటుంది పిన్ని. ట్రేలు ఎక్కడ బాబాయ్ అంటే మేడ మీద నుంచి తెచ్చాడు, వాటిలో వడియాలు ఎండుతున్నాయి. ఆవకాయ దగ్గర మీ మందులేంట్రా అని పిన్ని జాడీలన్నీ మోసుకుపోయింది. వెనిగర్ సీసా అడిగితే మాత్రం ఇచ్చింది. కాగితం మీద బొమ్మని పైకి తెచ్చే మందు డెవలపరు, దాని పని ఆపడానికి నీళ్ళలో అది కలిపితే సరిపోతుంది.

అసలు తంటా నీళ్ళతో వచ్చింది. డెవలపరు ఇరవై డిగ్రీల దగ్గర ఉండాలి, కొళాయి నీళ్ళు ముప్పై దాటాయి. వేడిగా ఉంటే బొమ్మ ఉరికినట్టు నల్లబడుతుంది, కాగితం మీద పూత కూడా మెత్తబడుతుంది. బాబాయి స్టీలు గ్లాసు నిండా ఐసు ముక్కలేసి ట్రే మధ్యలో నిలబెట్టాడు. “వేసవి పెళ్ళిళ్ళన్నీ ఈ గ్లాసుతోనే కడిగాను” అన్నాడు.

ఎర్ర బల్బు వెలిగించి కూర్చున్నాక, ఇలాంటి బొమ్మలకి పేరు తెచ్చిన ఫోటోగ్రాఫరు మాన్ రే కథ చెప్పాను. 1921లో అమెరికా నుంచి పారిస్ చేరాడు. పగలు ఫ్యాషన్ బట్టల ఫోటోలు తీసి, రాత్రి హోటల్ గదిలో ప్రింట్లు కడుక్కునేవాడు. ఒక రాత్రి వెలుగు చూపించని కాగితం ఒకటి పొరపాటున డెవలపర్లో పడిందట. బొమ్మ ఎంతకీ రాదు. కాగితం దండగైందని విసుక్కుంటూ చిన్న గాజు గరాటు, కొలగ్లాసు, థర్మామీటరు దాని మీద పెట్టి లైటు వేశాడు. కళ్ళముందే నల్లటి నేల మీద వాటి తెల్లని నీడలు లేచాయి. తన పేరే తగిలించి రేయోగ్రాఫులన్నాడు. 1922లో పన్నెండు బొమ్మలు కట్టగా అచ్చేస్తే కవి ట్రిస్టన్ జారా ముందుమాట రాశాడు. కలల్లాంటి బొమ్మలూ రాతలూ చేసే సర్రియలిస్టులు నెత్తిన పెట్టుకున్నారు. జర్మన్ చిత్రకారుడు క్రిస్టియన్ షాడ్ 1919లోనే ఇలాంటివి చేశాడు, ఫోటోగ్రఫీకి ఆద్యుల్లో ఒకడైన టాల్బట్ అయితే 1830ల్లోనే ఆకులూ లేసులూ పెట్టి చూశాడు అని నేను ఇంకా చెబుతూనే ఉన్నాను, బాబాయి మొదటి దగ్గరే ఆగిపోయాడు.

“అంటే పేపరు దండగైందని ఏడ్చాడన్నమాట. మనవాడే.”

మొదట జంతికల గొట్టంలో చుక్క బిళ్ళ పెట్టాం. సెల్‌ఫోను టార్చి ఒక్క సెకను. ట్రేలో వేసి ఊపితే నల్లటి ఆకాశంలో చుక్కల్లా వస్తుందనుకున్నాను, తిరగబడింది. తెల్లటి బిళ్ళలో నల్ల చుక్కలు. వెలుగు తగిలిన చోట నలుపని తెలిసీ ప్రతిసారీ మర్చిపోతాను. సోడా గోలీ పెడితే తెల్లటి గుండ్రం నడుమ కాటుక పెట్టినట్టు ఒక బొట్టు, గోలీ వెలుగునంతా అక్కడికి కూడదీసింది. బాబాయి ఉత్సాహపడి తన కళ్ళజోడు తీసి పెట్టాడు, తర్వాత కాసేపు ఏమీ కనపడక వెనిగర్‌లో వేయాల్సింది హైపోలో వేశాడు.

మిరపకాయల దగ్గర నేను పొరపాటు పడ్డాను. ఎర్ర వెలుగులో తేజా తాలూ ఒకేలా పాలిపోయి కనిపిస్తాయి. ఏది ఏదో తెలియక ఆరూ అరచేత్తో కొంచెం అణిచి, కాగితం మీద పరిచాను. టార్చి ఈసారి నాలుగు సెకన్లు. ట్రేలో ముందు అంచులు వచ్చాయి. రెండు కాయలు కత్తెరతో కోసినట్టు ఒట్టి తెల్లగా, లోపల ఏమీ లేకుండా ఉండిపోయాయి. మిగతా నాలుగూ మెల్లగా బూడిద రంగుకి తిరిగాయి, తోలు ముడతలు ఒక్కొక్కటీ తేలాయి, ఆ బూడిదలో గింజలు తెల్లగా, మసగ్గా, పాలపళ్ళలా వరస కట్టాయి.

ఏవి తాలో అప్పుడు తెలిసింది. ఆ కాగితానికి ఎరుపు కనపడదు. అందుకే కదా ఎర్ర బల్బు కింద దాన్ని బయట పెట్టగలిగేది. బస్సులో గాజులా మెరిసిన తేజ దానికి గోడ. రంగుపోయిన కాయ అయితే కిటికీ.

బాబాయి ప్రింటు చేత్తో ఎత్తి, నీళ్ళు కారుతుంటే చాలాసేపు చూశాడు. “ఎక్స్‌రేలా ఉందిరా” అన్నాడు. ఇంకోటి తీద్దామన్నాడు. మిరపకాయలు అణిచిన చేత్తోనే నేను కన్ను నలుపుకున్నాను. మిగతా గంటా పిన్ని తడిగుడ్డతో నా మొహం తుడుస్తూ తిడుతూ ఉంది, బాబాయి ఒక్కడే లోపల తొమ్మిది కాగితాలు తగలేశాడు.

మర్నాడు బొమ్మల్ని దండెం మీద నుంచి తీసి అట్టల మధ్య పెట్టి ఇచ్చాడు, మిరపకాయలది తప్ప. అది తనకి కావాలట. దాన్ని సెల్‌ఫోనులో ఫోటో తీసుకున్నాను. తిరువూరాయనకి పంపుదామంటే నంబరు తీసుకోలేదు, పేరూ అడగలేదు.

తిరుగు బస్సులో ఇంకేం భయం లేదు, హైపోలో స్థిరపడ్డ బొమ్మలు. కిటికీ పక్కన ఎండలోనే ఒళ్ళో పరుచుకున్నాను. పక్కన కాలేజీ కుర్రాడు. ఒకసారి తలెత్తి చూశాడు.

“టోల్‌గేటు దాటిందా అండీ?” అన్నాడు.